మళ్ళీ కనిపించని తప్పు

డైక్‌స్ట్రా అనగానే మనకి గుర్తొచ్చేది పరీక్షలో తప్పకుండా వచ్చే షార్టెస్ట్ పాత్ ప్రశ్న. కానీ ఆపరేటింగ్ సిస్టమ్స్‌కి ఆయన చేసిన మేలు ఒక భయంతో మొదలైందని చాలామందికి తెలీదు.

ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1930 మే 11న నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో పుట్టాడు. లైడెన్‌లో ఫిజిక్స్ చదువుతూనే 1952లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యాథమెటికల్ సెంటర్‌లో ప్రోగ్రామర్‌గా చేరాడు. 1957లో పెళ్ళప్పుడు వృత్తి ప్రోగ్రామర్ అంటే అధికారులు రాసుకోలేదు. అలాంటి వృత్తే లేదన్నారు! చివరికి సైద్ధాంతిక భౌతికశాస్త్రవేత్త అని రాయించుకోవాల్సొచ్చింది.

ఆ రోజుల్లోనే సహోద్యోగులు లూప్‌స్ట్రా, షోల్టెన్ ఎక్స్ 1 అనే కొత్త మెషీన్ డిజైన్ చేస్తూ, అందులో ఇంటరప్ట్ పెడదామన్నారు. అది లేకపోతే టైప్‌రైటర్ లాంటి నెమ్మది పరికరం పని ముగిసేదాకా ప్రాసెసర్ కాచుక్కూర్చోవాలి. ఇంటరప్ట్ ఉంటే ప్రాసెసర్ తన లెక్క తాను చేసుకుంటుంది, పనయ్యాక పరికరమే వచ్చి తలుపు తడుతుంది. వినడానికి బాగానే ఉంది. డైక్‌స్ట్రాకి మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆ తట్టడం ఏ రెండు ఇన్‌స్ట్రక్షన్ల మధ్యైనా జరగొచ్చు. దానివల్ల పుట్టిన తప్పు మళ్ళీ రన్ చేస్తే కనిపించకపోవచ్చు. కనిపించని దాన్ని పట్టుకునేదెలా?

స్నేహితులు పొగిడి, బుజ్జగించి ఒప్పించారు. ఆయన ముందుగా ఒక్క ప్రశ్న వేసుకున్నాడు. ఇంటరప్ట్ పని ముగిశాక, ఆగిన లెక్క ఏమీ జరగనట్టే కొనసాగాలి. అందుకు కావాల్సిన స్థితినంతా మెషీన్ దాచి, తిరిగి పెట్టగలదా? గలదని చూపించబోయి, ఆ డిజైన్‌తో కుదరదని తేల్చాడు! అది చెడిపోయే సందర్భాలు చాలా అరుదు. ఎన్నిసార్లు టెస్ట్ చేసినా బయటపడకపోవచ్చు. అయినా మిత్రులు డిజైన్ మార్చక తప్పలేదు. 1959లో ఆయన పీహెచ్‌డీ థీసిస్ ఈ మెషీన్ కోసం రాసిన సాఫ్ట్‌వేర్ మీదే.

1962లో ఐంథోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యాడు. అక్కడ చిన్న బృందంతో ఎక్స్ 8 మెషీన్ మీద టీహెచ్ఈ సిస్టమ్ కట్టాడు. ఆ మెషీన్‌కి ఉన్నది 32 వేల పదాల కోర్ మెమరీ, ఒక డ్రమ్ము, పేపర్ టేప్ రీడర్లు, ప్రింటర్. ఎవరి వేగం వాళ్ళది. వాటిని ఒకదానికొకటి అడ్డురాకుండా నడపడానికి పుట్టిందే సెమఫోర్. రైల్వే సిగ్నల్ పేరే అది. సిస్టమ్‌ని పొరలుగా కట్టి, కింది పొర సరిగ్గా ఉందని తేలాకే పైది వేశారు. ఆ పేపర్ 1968లో వచ్చింది. 1972లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. 1984 నుంచి 1999 దాకా అమెరికాలోని ఆస్టిన్‌లో పాఠాలు చెప్పి, స్వదేశానికి తిరిగొచ్చి, 2002 ఆగస్టు 6న న్యూనెన్‌లో కన్నుమూశాడు.

ఇవాళ కెర్నల్ డ్రైవర్ రాసేవాళ్ళకీ ఆ భయం తప్పదు. మామూలు మెమరీలో మనం పెట్టింది పెట్టినట్టు ఉంటుంది. డివైస్ రిజిస్టర్ అలా కాదు. రెండుసార్లు చదివేలోపు దానంతటదే మారిపోవచ్చు. కొన్నైతే చదివితేనే చెరిగిపోతాయి. ప్రింట్ స్టేట్‌మెంట్ పెట్టగానే బగ్ మాయమైతే మనం హమ్మయ్య అనుకుంటాం. డైక్‌స్ట్రా అయితే అక్కడే ఆగి, ఎందుకు మాయమైందో ఆలోచించేవాడు.