ఏడుతరాలు రాసిన అలెక్స్ హేలీ

అలెక్స్ హేలీ 1921 ఆగస్టు 11న అమెరికాలోని ఇథాకా అనే ఊరిలో పుట్టినాడు. తండ్రి అప్పుడు అక్కడ వ్యవసాయం చదువుతుండేవాడు. పిల్లవాడు మాత్రం దూరాన టెనెస్సీ రాష్ట్రంలో, హెన్నింగ్ అనే చిన్న ఊరిలో, తల్లిని కన్న అవ్వ సింథియా దగ్గర పెరిగినాడు. సాయంత్రం అయితే అవ్వ, ఆమె అక్కచెల్లెండ్లు వసారాలో కూర్చుని తమ వంశం సంగతులు చెప్పుకునేవాళ్ళు. ఆఫ్రికా నుండి ఓడలో పట్టుకొచ్చి బానిసగా అమ్మిన ఒక పెద్దాయన గురించి, ఆయన నదిని పిలిచిన పేరు గురించి. అవ్వ నోట్లో ఆ నాలుగు ఆఫ్రికా మాటలే మిగిలి ఉన్నాయి.

1939లో హేలీ అమెరికా తీరరక్షక దళంలో చేరినాడు. నల్లజాతివాళ్ళకు అప్పట్లో అక్కడ వంట, వడ్డన పనులే ఇచ్చేవాళ్ళు. ఓడ మీద పొద్దుపోక రాయడం మొదలుపెట్టినాడు. తోటివాళ్ళు తాము మనసుపడిన అమ్మాయిలకు ఆయన చేత ఉత్తరాలు రాయించుకుని దుడ్లు కూడా ఇచ్చేవాళ్ళు. ఆయనకు అదే బడి అని నేననుకుంటాను. 1959లో ఉద్యోగం నుండి దిగినాడు. మాల్కం ఎక్స్ తన జీవితం చెప్తుంటే హేలీ రాసిన పుస్తకం 1965లో వచ్చింది. అది అచ్చయ్యేలోపలే మాల్కంను కాల్చి చంపినారు.

ఆ తర్వాత అవ్వ చెప్పిన మాటలు పట్టుకుని ఏండ్ల తరబడి తిరిగినాడు. గాంబియా దేశంలో జుఫురే అనే పల్లెకు పోయినాడు. అక్కడ గ్రియోలని ఉంటారు. వంశాల కథలన్నీ కాగితం లేకుండా నోటితో చెప్తారు. మన లంబాడీల్లో ఢాడీలు గోత్రాలు పాడే మాదిరి. మా అవ్వను అడిగితే నాలుగు తరాల పేర్లు చెప్తుంది. అంతకు ముందు వాళ్ళు ఎద్దుల మీద ఉప్పు మోసినారు అంటుంది, పేర్లు రావు. తిరుగు ప్రయాణంలో హేలీ సరుకుల ఓడ అడుగున చీకట్లో, ఒట్టి చెక్క మీద రాత్రుళ్ళు పడుకున్నాడు, ముత్తాతలు ఎట్లా వచ్చినారో తెలియాలని.

1976లో రూట్స్ వచ్చింది. మరుసటి ఏడు టీవీలో ఎనిమిది రాత్రులు చూపించినారు. సహవాసి దాన్ని ఏడుతరాలు అని తెలుగు చేసినాడు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. అందరూ కుంటా కింటే గురించే చెప్తారు. పారిపోయినందుకు ఆయన పాదం నరికినారు, పేరు మార్చినారు. నాకు మాత్రం ఆయన కూతురు కిజ్జీ ఎక్కువ గుర్తుంటుంది. బానిసలకు చదువు రాకూడదని కట్టడి. కిజ్జీ దొంగచాటుగా అక్షరాలు నేర్చుకుంది. తను ప్రేమించిన నోవా పారిపోతుంటే దొంగ అనుమతి చీటీ రాసిచ్చింది. ఆ ఒక్క చీటీకి ఆమెను తల్లిదండ్రుల దగ్గర నుండి లాగి అమ్మేసినారు. నవలలో తండ్రి ఆమె కాలిజాడ ఉన్న మట్టిని దోసిట్లోకి ఎత్తుకుంటాడు. మనం ఇక్కడ గోడమీద పేర్లతో సహా రాసుకుంటున్నాం కదా, అందుకేనేమో ఆ పేజీలు దాటి వెంటనే చదవలేకపోయినాను.

హేలీ మీద విమర్శలు కూడా ఉన్నాయి. హెరాల్డ్ కూర్లాండర్ అనే రచయిత తన నవలలోని భాగాలు వాడుకున్నాడని కేసు వేస్తే 1978లో హేలీ ఒప్పుకుని డబ్బు కట్టినాడు. ఆయన చెప్పిన వంశక్రమం పాత కాగితాలతో సరిపోదని చరిత్రకారులు చూపించినారు. అది తప్పే. అయినా ఆ పుస్తకం తర్వాత ఎందరో నల్లజాతివాళ్ళు తమ పెద్దల పేర్లు వెతుక్కోను బయల్దేరినారు.

1992 ఫిబ్రవరి 10న సియాటిల్‌లో గుండెపోటుతో పోయినాడు. హెన్నింగ్‌లో ఆ అవ్వ ఇంటి ముందరే పూడ్చినారు.