రద్దు కాని పెళ్ళి: డాక్టర్ రుక్మాబాయి గారు

నేను జిల్లా కోర్టులో బెంచి గుమస్తాగా ఉన్న రోజుల్లో, భార్యను కాపురానికి పంపించాలంటూ భర్తలు వేసే దావాలు చాలా చూశాను. అలాంటి కాగితం వచ్చినప్పుడల్లా మా పెద్ద వకీలు ఒకాయన రుక్మాబాయి గారిని తలచుకొనేవారు. ఈ ప్రత్యేక సంచికకు ఆమె గురించే రాద్దామనిపించింది.

ఆమె 1864లో బొంబాయిలో జన్మించారు. 11వ ఏట, 19 ఏళ్ళ దాదాజీ భికాజీకిచ్చి పెళ్ళి చేశారు. అయినా ఆమె మారుతండ్రి డాక్టర్ సఖారాం అర్జున్ గారింట్లోనే ఉండి చదువుకున్నారు. 1884లో దాదాజీ హైకోర్టుకెక్కారు. ఊహ తెలియని వయసులో చేసిన పెళ్ళికి తాను కట్టుబడనని ఆమె వాదన. 1885లో జస్టిస్ పిన్హే దావా కొట్టివేశారు. అప్పీలులో ఆ తీర్పు నిలవలేదు. 1887 మార్చిలో జస్టిస్ ఫారన్ కాపురానికి వెళ్ళాలని, లేదంటే ఆరు నెలలు జైలని ఆదేశించారు. 22 ఏళ్ళ ఆ పిల్ల జైలుకే సిద్ధపడింది! దేశమంతా గగ్గోలయింది.

చివరకు 1888లో రాజీ కుదిరింది. రెండు వేల రూపాయలు పుచ్చుకొని దాదాజీ తన హక్కు వదులుకున్నారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు కూడా. ఆమె 1889లో లండన్ వెళ్ళి వైద్యం చదివి, తిరిగివచ్చి సూరత్‌లో, తర్వాత రాజ్‌కోట్‌లో ఆడవారి ఆసుపత్రుల్లో దశాబ్దాలు పనిచేశారు. మళ్ళీ పెళ్ళి మాట లేదు.

రాజీతో ఆగింది దావా మాత్రమే. పెళ్ళి అలాగే ఉండిపోయింది. నాకు వింతగా తోచేది ఇదే. మైనరు రాసిచ్చిన తనఖా పత్రం చెల్లనే చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో తేల్చింది. మైనరు మెడలో కట్టిన తాళికి మాత్రం ఆ సూత్రం వర్తించలేదు. 1904లో దాదాజీ పోయినప్పుడు ఆమె తెల్లచీర కట్టుకున్నారని చరిత్రకారులు రాశారు. మనసులో ఏముందో మనకేం తెలుసు?

హిందూ వివాహ చట్టం 1955 మే 18న అమలయింది. ఆ సెప్టెంబరు 25న ఆమె కన్నుమూశారు. ఆ చట్టంలోనూ 9వ సెక్షనుగా పాత దావా మిగిలింది. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని కొట్టివేసింది గాని, 1984లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. బాల్యవివాహాన్ని, మైనారిటీ తీరిన రెండేళ్ళలోగా, జిల్లా కోర్టులో పిటిషను వేసి రద్దు చేయించుకొనే వీలు 2006 చట్టంతో గాని రాలేదు. అప్పటికి నేను రిటైరై చాలా కాలమైంది.