డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పరీక్ష తప్పిన విద్యార్థిని లోకం చిన్నచూపు చూస్తుంది. న్యాల్‌కల్ పరిసర గ్రామాల నుండి కళాశాలకు వచ్చి, ఒకసారి తప్పగానే చదువుకు స్వస్తి చెప్పే సోదరులను మనం ఎరుగుదుము. అట్టి వారి కొరకే ఈ మహనీయుని జీవితాన్ని స్మరిస్తున్నాము.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవసారి ఉత్తీర్ణులైనారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొన్నారు. స్ప్రూ వ్యాధి సోదరులిద్దరిని బలిగొన్నది. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపినది.

అమెరికా చేరి, రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1925లో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ పద్ధతితోనే కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడా ఏ.టి.పి.ని వేరుగా కనుగొన్నారు.

ఈ కృషి విలువ ఎంతటిదో మన రక్తమే చాటుతుంది. మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుండి నాలుగున్నర లక్షల వరకు ప్లేట్‌లెట్లు ఉంటాయి. వీటికి కేంద్రకం లేదు. ఆయుష్షు ఏడు నుండి పది దినాలు. గాయమైనచోట గుమిగూడి రక్తస్రావాన్ని ఆపుట వీటి ధర్మం. కొలెస్టరాల్‌ను మోసే ఎల్.డి.ఎల్. కణం ప్లేట్‌లెట్ ఉపరితలంపై గల గ్రాహకాన్ని తాకగానే, లోపల పి-38 అనే ఎంజైముకు ఫాస్ఫేటు తగులుకొంటుంది. ఆ ఫాస్ఫేటును దానం చేసేది ఏ.టి.పి.యే. పిమ్మట అరాకిడోనిక్ ఆమ్లం వెలువడి థ్రాంబాక్సేన్‌గా మారుతుంది. ఇందువలన ప్లేట్‌లెట్లు స్వల్ప ప్రేరణకే గుమిగూడుటకు సిద్ధమవుతాయి. తమలో దాచుకొన్న ఏ.డి.పి.ని విడిచి ఇరుగుపొరుగు కణాలను పిలుస్తాయి. గాయం లేని హృదయ ధమనిలో కొవ్వు గడ్డ చిట్లినపుడు ఇదే జరిగితే గుండెపోటు సంభవిస్తుంది. ఆస్పిరిన్ థ్రాంబాక్సేన్ తయారీని, క్లోపిడోగ్రెల్ ఏ.డి.పి. పిలుపును అడ్డుకొంటాయి.

ఈ రహస్యాలు సుబ్బారావు మరణించిన దశాబ్దాల తరువాత ఇతర శాస్త్రజ్ఞులు కనుగొన్నవి. అయినను ఏ.టి.పి. జ్ఞానం లేనిదే వీటిని గ్రహించుట అసాధ్యం. లైపోప్రోటీన్లలోని ఫాస్ఫోలిపిడ్లను లెక్కించుటకు సైతం ఆయన భాస్వర పద్ధతియే తోడ్పడినది.

హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం లభించక 1940లో ఆయన లెడర్లీ సంస్థలో చేరారు. అచ్చట ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైనది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది ఔషధమైనది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, పసిబిడ్డల రక్త క్యాన్సర్‌కు అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ అను యాంటీబయోటిక్ అచ్చటివే. 1948 ఆగస్టులో, యాభై మూడవ ఏట, ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు. నోబెల్ బహుమతి ఆయనను వరించలేదు. భారత ప్రభుత్వం 1995లో ఆయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసినది.

విద్యార్థులారా! మార్కుల పట్టీ మనిషికి కొలబద్ద కాదు. రెండుసార్లు తప్పిన బాలుడు మూడవసారి పరీక్షకు కూర్చొనకపోయి ఉంటే, ఎందరు రోగులు ఔషధం లేక అలమటించి ఉండేవారో ఆలోచింతుము గాక. తప్పిన మిత్రుని తిరిగి తరగతికి పిలుచుకొని వచ్చుటయే ఆ మహనీయునికి మనం అర్పించగల నివాళి.