కాన్‌స్టాంటిన్ ఫాల్‌బెర్గ్

కాన్‌స్టాంటిన్ ఫాల్‌బెర్గ్ (డిసెంబరు 22, 1850 - ఆగష్టు 15, 1910) రసాయన శాస్త్రవేత్త, పారిశ్రామికవేత్త. కృత్రిమ తీపి పదార్థమైన శాకరిన్‌ను కనుగొన్నవాడిగా ప్రసిద్ధుడు.

జీవితం

ఈయన రష్యాలోని తంబోవ్‌లో జన్మించాడు. జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం నుండి 1873లో డాక్టరేట్ పొందాడు. చక్కెర పరీక్షలో నిపుణుడైన ఈయనకు ఒక దిగుమతి సంస్థ తన సరుకు స్వచ్ఛతను తేల్చే పని అప్పగించింది. ఆ పనిపై అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఇరా రెమ్సెన్ ప్రయోగశాలలో చేరాడు.

ఆవిష్కరణ

ఆ పని ముగిశాక అక్కడే బొగ్గు తారు నుండి లభించే రసాయనాలపై పరిశోధన సాగించాడు. ఒక రాత్రి చేతులు కడుక్కోకుండా భోజనానికి కూర్చోగా రొట్టె అమితమైన తీపిగా తోచింది. ఆ తీపి తన చేతులదేనని గ్రహించి, ప్రయోగశాలకు తిరిగి వెళ్ళి పాత్రలలోని పదార్థాలను ఒక్కొక్కటిగా రుచి చూసి దాని మూలాన్ని కనుగొన్నాడు. శాకరిన్ చక్కెర కంటే సుమారు 300 రెట్లు తియ్యన. తరువాత 10 గ్రాముల శాకరిన్‌ను తానే మింగి పరీక్షించుకున్నాడు. ఏ హానీ కలుగలేదు. అది దాదాపు పూర్తిగా, మార్పు చెందకుండా మూత్రంలో వెలువడింది.

వివాదం, పరిశ్రమ

పరిశోధన వ్యాసం ఇద్దరి పేర్లతో వెలువడినా, పేటెంట్లను ఫాల్‌బెర్గ్ రెమ్సెన్ పేరు లేకుండా పొందాడు. తన ప్రయోగశాలలో జరిగిన పనికి తనకు గుర్తింపు దక్కలేదని రెమ్సెన్ తీవ్రంగా నొచ్చుకున్నాడు. ఫాల్‌బెర్గ్ తన బంధువు అడాల్ఫ్ లిస్ట్‌తో కలిసి జర్మనీలోని మాగ్డెబర్గ్ సమీపాన కర్మాగారం నెలకొల్పి ధనవంతుడయ్యాడు. బీటు చక్కెర పరిశ్రమకు నష్టం కలుగుతుండడంతో 1902లో జర్మనీ ప్రభుత్వం శాకరిన్ అమ్మకాన్ని మందుల దుకాణాలకు పరిమితం చేసింది. ఫాల్‌బెర్గ్ 1910లో జర్మనీలోని నాస్సౌలో మరణించాడు.

శాకరిన్ - బరువు తగ్గుదల

ఒక గ్రాము చక్కెర సుమారు 4 కాలరీల శక్తినిస్తుంది, శాకరిన్ శక్తినివ్వదు. అయితే శాకరిన్ కొవ్వును కరిగించదు. మొత్తం ఆహారం ద్వారా లభించే శక్తి, శరీరం ఖర్చు చేసే శక్తి కంటే తక్కువైనప్పుడే కొవ్వు తగ్గుతుంది. చక్కెర పానీయాలకు బదులు కృత్రిమ తీపి పానీయాలు తీసుకున్నవారిలో బరువు కొద్దిగా తగ్గినట్లు ప్రయోగాలు తెలుపుతున్నాయి. చక్కెర మాని, ఆ మేరకు ఇతర ఆహారం ఎక్కువగా తింటే ఈ ప్రయోజనం దక్కదు. దీర్ఘకాలిక ప్రయోజనానికి ఆధారాలు చాలవంటూ, బరువు నియంత్రణకు ఇటువంటి పదార్థాలను వాడవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి ఈ సూచన వర్తించదు.