మాంద్యం భారం ఎవరిపై? రైల్వేలు, బ్యాంకుల నడుమ వి.వి.గిరి జీవితం

తాల్‌బగీచా (ఖరగ్‌పూర్): పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో తాల్‌బగీచా ఒక పేట. తాటితోపు అని ఆ పేరుకు అర్థం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో కొలువు వెదుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా ఈ పట్టణంలో స్థిరపడ్డాయి. ఆ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించి, తరువాతి కాలంలో దేశానికి నాలుగవ రాష్ట్రపతి అయిన తెలుగు ప్రముఖుడు వరాహగిరి వెంకటగిరి. దేశంలో 14 పెద్ద బ్యాంకులను ప్రభుత్వపరం చేసిన ఆర్డినెన్స్‌పై ఉన్న సంతకం ఆయనదే.

ఆర్థిక వ్యవస్థ మందగించినప్పుడు, బ్యాంకులు విచ్చలవిడిగా ఇచ్చిన అప్పులు మొండి బకాయిలుగా మారినప్పుడు నేరం ఎవరిదన్న వాదం రాజకీయ పక్షాల మధ్య తలెత్తడం పరిపాటి. యాజమాన్యాలు కార్మికులను, కార్మికులు ప్రభుత్వాన్ని, అధికార పక్షం తనకు ముందున్నవారిని నిందిస్తారు. గిరి జీవితంలో ఈ వాదం పలుమార్లు ఎదురయింది. ఒక్కోసారి ఆయన ఒక్కో స్థానంలో నిలబడి దానిని చూశారు.

ఉద్వాసనలపై తొలి పోరు

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. అప్పుడది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన పట్టణం. తండ్రి జోగయ్య పంతులు పేరుపొందిన న్యాయవాది. న్యాయశాస్త్ర అధ్యయనానికి 1913లో డబ్లిన్ వెళ్లిన గిరి అక్కడి ఐరిష్ స్వాతంత్ర్యోద్యమం పట్ల ఆకర్షితులయ్యారు. ఆ కారణంగానే 1916లో ఐర్లండ్ విడిచి రావలసి వచ్చింది. స్వదేశంలో న్యాయవాద వృత్తి చేపట్టి, సహాయ నిరాకరణోద్యమ కాలంలో దానిని వదలుకున్నారు.

బరంపురం మీదుగా సాగే రైలుమార్గం ఆనాడు బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ అధీనంలో ఉండేది. కంపెనీ బోర్డు లండన్‌లోను, భారతదేశంలోని ప్రధాన కార్యాలయం కలకత్తా గార్డెన్‌రీచ్‌లోను ఉండగా, ప్రధాన వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో ఉండేది. ఈ రైల్వేలో కార్మిక సంఘాన్ని నిర్మించి నడిపిన వారిలో గిరి అగ్రగణ్యులు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపనలోనూ ఆయన పాత్ర ప్రముఖమైనది. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు.

వ్యయం తగ్గించుకునే పేరిట రైల్వే కంపెనీలు ఆ దశాబ్దంలో సిబ్బందిపై వేటు వేశాయి. 1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్‌లో సమ్మె సాగింది. కాల్పులు జరిగాయి. ఆ ఉదంతం ఢిల్లీలోని కేంద్ర శాసనసభ వరకు వెళ్లింది. అదే సంవత్సరం ద్వితీయార్ధంలో వర్క్‌షాపు సిబ్బంది తొలగింపునకు కంపెనీ పూనుకోవడంతో పోరాటం మళ్లీ రగిలింది. 1927-28లో ఉద్వాసనకు గురైన కార్మికుల పక్షాన గిరి నడిపిన అహింసాయుత ఆందోళన కంపెనీని రాజీకి దింపింది. కార్మికోద్యమ చరిత్రలో దానికి విశిష్ట స్థానం ఉంది. వ్యాపారం తగ్గితే ముందుగా కూలివాని పొట్టపై దెబ్బ పడుతుందన్న సత్యాన్ని ఆయన ఖరగ్‌పూర్‌లో ప్రత్యక్షంగా చూశారు. 1931లో, ప్రపంచ మాంద్యం తీవ్రంగా ఉన్న కాలంలో, లండన్‌లో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మిక ప్రతినిధిగా హాజరయ్యారు.

1937లో బొబ్బిలి నియోజకవర్గంలో బొబ్బిలి రాజాను ఓడించి, మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలను నిర్వహించారు. 1946లో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలోనూ పనిచేశారు. స్వాతంత్ర్యానంతరం సిలోన్‌లో భారత హైకమిషనర్‌గా ఉన్నారు.

బ్యాంకు తీర్పుపై రాజీనామా

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. వివాదాలను ట్రిబ్యునళ్లకు అప్పగించడం కన్నా యాజమాన్యం, కార్మికులు ముఖాముఖి కూర్చుని తేల్చుకోవడం మేలని ఆయన విశ్వాసం. పారిశ్రామిక సంబంధాల చరిత్రలో అది గిరి విధానంగా పేరుపొందింది.

విచిత్రమేమంటే, ఒక ట్రిబ్యునల్ తీర్పును నిలబెట్టడానికే ఆయన పదవి వదలుకోవలసి వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాలపై లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 1954లో ఇచ్చిన తీర్పును ప్రభుత్వం అదే సంవత్సరం ఆగస్టులో సవరించింది. ఆ భారాన్ని, ముఖ్యంగా చిన్న బ్యాంకులు, భరించలేవన్నది ప్రభుత్వ వాదన. ఆ వాదన పూర్తిగా నిరాధారమైనదని చెప్పలేము. బెంగాల్‌లో అనేక బ్యాంకులు కూలిపోయి, 1950లో నాలుగు బ్యాంకులను కలిపి యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియాను ఏర్పాటు చేయవలసి వచ్చిన అనుభవం అప్పటికి ఇంకా తాజాగానే ఉంది. అయితే బ్యాంకుల బలహీనతకు మూల్యం గుమాస్తాలు చెల్లించడం న్యాయం కాదని భావించిన గిరి రాజీనామా చేశారు. నాడు ఆర్థిక శాఖను నిర్వహిస్తున్నవారు రిజర్వు బ్యాంకు మాజీ గవర్నర్ చింతామణి దేశ్‌ముఖ్. పదిహేనేళ్ల తరువాత రాష్ట్రపతి ఎన్నికలో వీరిరువురూ ప్రత్యర్థులయ్యారు.

పాలై బ్యాంకు పతనం

1957 ఎన్నికల్లో ఓటమి చెందిన గిరి అదే ఏడాది ఉత్తరప్రదేశ్ గవర్నర్‌గా నియమితులయ్యారు. 1960 జులైలో కేరళకు మారారు. ఆయన బాధ్యతలు చేపట్టి నెల తిరగగానే, ఆగస్టు 8న, ఆ రాష్ట్రంలో పెద్దదైన పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడింది. తగిన హామీ లేకుండా ఇచ్చిన అప్పులు ఆ బ్యాంకును లోలోపల తినివేశాయి. రిజర్వు బ్యాంకు తనిఖీల్లో ఆ సంగతి ఏళ్ల తరబడి బయటపడుతూనే ఉంది. చివరకు బ్యాంకును మూసివేయడానికి అనుమతించాలని రిజర్వు బ్యాంకు కేరళ హైకోర్టును ఆశ్రయించింది.

వేలాది డిపాజిటర్లు వీధిన పడ్డారు. తెలిసి కూడా ఇంతకాలం ఎందుకు ఉపేక్షించారని కొందరు, నిలదొక్కుకునే అవకాశం ఇవ్వకుండా తొందరపడ్డారని మరికొందరు రిజర్వు బ్యాంకును, కేంద్ర ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయిని విమర్శించారు. హామీ లేని అప్పులిచ్చిన వారి మాట ఆ రభసలో వెనుకపడింది. గవర్నర్‌కు ఈ వ్యవహారంలో నిర్ణయాధికారమేమీ లేదు. ఈ సంక్షోభం ఫలితంగా 1962 జనవరి 1న డిపాజిట్ బీమా సంస్థ ఆవిర్భవించింది. ఒక్కో డిపాజిటర్‌కు తొలినాటి రక్షణ రూ.1,500 మాత్రమే.

రెండు సంతకాలు

1965-66, 1966-67 సంవత్సరాల్లో వరుస కరవులు సంభవించాయి. 1966 జూన్‌లో డాలరు మారకం విలువ రూ.4.76 నుంచి రూ.7.50కి చేరేలా రూపాయి విలువను తగ్గించారు. పంచవర్ష ప్రణాళికలకు మూడేళ్ల విరామం ప్రకటించారు. ప్రభుత్వ పెట్టుబడులు, రైల్వే వ్యాగన్ల ఆర్డర్లు తగ్గడంతో బెంగాల్ ఇంజనీరింగ్ పరిశ్రమ కుదేలయింది. 1967 ఎన్నికల్లో కాంగ్రెస్ పలు రాష్ట్రాల్లో అధికారం కోల్పోయింది. అదే ఏడాది మే నెలలో గిరి ఉపరాష్ట్రపతి అయ్యారు.

మాంద్యానికి బాధ్యులెవరన్న చర్చ క్రమంగా బ్యాంకుల వైపు మళ్లింది. నాటి బ్యాంకు రుణాల్లో వ్యవసాయానికి దక్కినది సుమారు 2 శాతమే. పరిశ్రమలు 60 శాతానికి పైగా పొందాయి. బ్యాంకుల డైరెక్టర్లు తమ సొంత కంపెనీలకే డిపాజిటర్ల సొమ్ము మళ్లిస్తున్నారన్న ఆరోపణ బలంగా ఉండేది. మొరార్జీ దేశాయి సామాజిక నియంత్రణ చాలునన్నారు. ఇందిరాగాంధీ జాతీయీకరణ వైపు మొగ్గారు. విధాన భేదంతో పాటు పార్టీపై ఆధిపత్యపు పోరు కూడా దీనిలో ఇమిడి ఉంది.

1969 మే 3న జాకీర్ హుస్సేన్ మరణంతో గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులై 16న మొరార్జీ నుంచి ఆర్థిక శాఖను తప్పించారు. 19న, శనివారం, రూ.50 కోట్లు అంతకు మించి డిపాజిట్లు గల 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్‌పై గిరి సంతకం చేశారు. వాటిలో అలహాబాద్ బ్యాంక్, యూకో, యునైటెడ్ బ్యాంక్ అనే మూడింటి ప్రధాన కార్యాలయాలు కలకత్తాలోనే ఉండేవి. మరునాడు, 20న, రాష్ట్రపతి ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడటానికి ఆయన రాజీనామా చేశారు. పార్లమెంటు సమావేశాలు 21న ప్రారంభం కావలసి ఉండగా ఆర్డినెన్స్ అవసరమేమిటన్న ప్రశ్న తలెత్తింది. పదవి వీడే ముందురోజు, తాను ఎవరి మద్దతు ఆశిస్తున్నారో ఆ ప్రధాని కోరిన పత్రంపై సంతకం చేయడం సముచితమా అని విమర్శకులు నిలదీశారు. మంత్రివర్గ సలహాను పాటించడం రాజ్యాంగ విధి అన్నది సమర్థకుల సమాధానం. కార్మిక నాయకునిగా ఆయన జీవితాన్ని ఎరిగినవారికి ఆ సంతకం ఆశ్చర్యం కలిగించలేదు.

ఆగస్టులో జరిగిన ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి మరో తెలుగు నాయకుడు నీలం సంజీవరెడ్డి. దేశ్‌ముఖ్‌కు స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు మద్దతిచ్చాయి. రెండవ ప్రాధాన్య ఓట్ల లెక్కింపు అనంతరం గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427 ఓట్లు పొందారు. ఆ ఏడాదే కాంగ్రెస్ నిట్టనిలువునా చీలింది.

జాతీయీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు 1970 ఫిబ్రవరి 10న కొట్టివేసింది. నాలుగు రోజుల్లోనే కొత్త ఆర్డినెన్స్ వెలువడింది. ఈసారి దానిపై సంతకం చేసినది ఎన్నికైన రాష్ట్రపతి గిరి.

రాష్ట్రపతి భవన్‌లో ఉండగా

1973-74 నాటికి చమురు ధరలు మండిపోయాయి. టోకు ధరలు ఏడాదిలో దాదాపు 20 శాతం పెరిగాయి. 1974 మే 8న దేశవ్యాప్త రైల్వే సమ్మె మొదలయింది. సుమారు 17 లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. ఆర్థిక వ్యవస్థను సమ్మెదారులు దెబ్బతీస్తున్నారని ప్రభుత్వం, ప్రభుత్వ వైఫల్యానికి తాము బలి అవుతున్నామని కార్మికులు వాదించారు. వేలాది మందిని అరెస్టు చేశారు, ఉద్యోగాల నుంచి తొలగించారు. సమ్మెకు సారథ్యం వహించిన జార్జి ఫెర్నాండెజ్ అధ్యక్షులుగా ఉన్నది ఒకనాడు గిరి నిర్మాణంలో పాలుపంచుకున్న రైల్వేమెన్ ఫెడరేషన్‌కే. ఖరగ్‌పూర్ ఉద్వాసనలను ఎదిరించిన నాయకుడు దేశాధినేతగా ఉన్న కాలంలోనే రైల్వే కార్మికులపై ఇంతటి వేటు పడింది. ఆయన జీవితంలో అత్యంత బాధాకరమైన వైరుధ్యం ఇదే. మంత్రిగా 1954లో రాజీనామా మార్గం ఉంది. సలహాకు బద్ధుడైన రాష్ట్రపతికి ఆ వెసులుబాటు దాదాపు శూన్యం.

1974 ఆగస్టులో పదవీ విరమణ చేసిన గిరికి 1975లో భారతరత్న లభించింది. 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకుతో సహా మరో 6 బ్యాంకులు జాతీయమయ్యాయి. రెండు నెలల తరువాత, జూన్‌లో, ఆయన మద్రాసులో కన్నుమూశారు.

తీరని లెక్క

1969లో సుమారు 8,260గా ఉన్న బ్యాంకు శాఖలు 1991 నాటికి 60 వేలకు చేరాయి. పల్లెటూరి రైతు, చిన్న వర్తకుడు బ్యాంకు గుమ్మం ఎక్కగలిగారు. అదే సమయంలో పెట్టుబడిదారుని ఒత్తిడి స్థానంలో రాజకీయ నాయకుని ఒత్తిడి ప్రవేశించింది. 1980వ దశకంలో రుణమేళాలు సాగాయి. 1990లో రూ.10 వేల వరకు వ్యవసాయ రుణాల మాఫీ వచ్చింది. 1991లో నరసింహం కమిటీ ఈ ధోరణిని వేలెత్తి చూపింది. 1993 మార్చి నాటికి ప్రభుత్వ బ్యాంకుల రుణాల్లో 23 శాతానికి పైగా నిరర్థకమని తేలింది. 2018 మార్చి నాటికి ఆ నిష్పత్తి మళ్లీ 14.6 శాతానికి పెరిగింది. ఈసారి బకాయిల్లో సింహభాగం పెద్ద కంపెనీలది. ఆ అప్పులు ఎవరి హయాంలో ఇచ్చారన్న దానిపై పార్టీలు పరస్పరం నిందించుకున్నాయి.

యాజమాన్యం మారితే రుణ వితరణలో బాధ్యత దానంతటదే వస్తుందన్న నమ్మకం 1969లో చాలామందికి ఉండేది. అనుభవం దానిని నిలబెట్టలేదు. అయితే ప్రైవేటు యాజమాన్యమే శ్రేయస్కరమని వాదించేవారు పాలై బ్యాంకు డిపాజిటర్లను మరచిపోరాదు. ఎవరు అప్పిచ్చారు, ఏ హామీపై ఇచ్చారు, తిరిగి రానప్పుడు ఎవరు జవాబు చెప్పాలి అన్నవే అసలు ప్రశ్నలు. వాటికి సమాధానం దొరకనంత కాలం మాంద్యం భారం ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికుని వంటి వాని భుజంపైనే పడుతుంది. ఆ భారాన్ని దించే ప్రయత్నంతోనే గిరి ప్రజాజీవితం మొదలయింది.