దుర్గాబాయి దేశ్‌ముఖ్

అన్యాయాన్ని చూసి బాధపడేవారు అనేకులు. దానిని ఎదుర్కొనడానికి పూనుకొనేవారు కొందరే. పన్నెండేళ్ల ప్రాయంలోనే అందుకు పూనుకొన్న తెలుగు బాలిక దుర్గాబాయి.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో బెన్నూరి రామారావు, కృష్ణవేణమ్మ దంపతులకు జన్మించింది. వివాహమంటే ఏమిటో తెలియని ఎనిమిదో ఏటనే ఆమెకు పెళ్లి చేశారు. వారి కుటుంబం నివసించిన కాకినాడలో దేవదాసీలు ఉండేవారు. ఆడపిల్లలను పసితనంలోనే దేవాలయాలకు అంకితం చేయడం నాటి దురాచారం. ఉత్సవాలలో వారి ఆటపాటలను కోరుకొన్న సమాజమే వారిని చిన్నచూపు చూసేది. వారి దైన్యమూ, పరదాల చాటున గడిపే ముస్లిం స్త్రీల స్థితీ ఆ బాలికను కలచివేశాయి.

1921లో గాంధీజీ కాకినాడకు వస్తున్నారని తెలిసింది. ఈ స్త్రీలు ఆయన మాటలు వినాలని దుర్గాబాయి సంకల్పించింది. ఇంటింటికీ వెళ్లి వారిని ఒప్పించింది. నిర్వాహకులు మాత్రం సుముఖత చూపలేదు. చివరకు, ఐదువేల రూపాయల నిధి సమర్పిస్తే కొన్ని నిమిషాలు కేటాయిస్తామన్నారు. ఆ రోజులలో అది చాలా పెద్ద మొత్తం. అయినా ఆమె వెనుదీయలేదు. దేవదాసీ స్త్రీలే ముందుకు వచ్చి ధనం సమకూర్చారు. సభకు ఒక పాఠశాల ఆవరణ లభించింది. కొద్ది నిమిషాల కోసం వచ్చిన గాంధీజీ అక్కడ అరగంటకు పైగా గడిపారు. స్త్రీలు తమ నగలను సైతం ఒలిచి ఇచ్చారు. ఆనాడు గాంధీజీ హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి అనువదించినది కూడా దుర్గాబాయే.

యుక్తవయస్సు వచ్చాక, తనకు తెలియకుండా జరిగిన బాల్యవివాహ బంధాన్ని ఆమె అంగీకరించలేదు. తండ్రి, సోదరుడు ఆమెకు అండగా నిలిచారు. లోకులకు జరిగే అన్యాయాన్ని ప్రశ్నించిన ఆమె తనకు జరిగిన అన్యాయానికీ తల వంచలేదు.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగారానికి వెళ్లింది. నిరక్షరాస్యులైన స్త్రీలు తాము చేయని నేరాలకు సైతం శిక్ష అనుభవించడం అక్కడ చూసింది. చట్టం తెలిస్తే తప్ప ఇటువంటివారికి అండగా నిలవలేమని గ్రహించి, ఆగిన చదువును తిరిగి ప్రారంభించింది. 1942లో న్యాయశాస్త్ర పట్టా పొందింది. అంతకుముందే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. రాజ్యాంగసభ సభ్యురాలిగా పనిచేసింది. 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడింది. అదే సంవత్సరం కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైంది. 1975లో పద్మవిభూషణ్ పురస్కారం అందుకొంది. 1981 మే 9న కన్నుమూసింది.

దేవదాసీ దురాచారాన్ని నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రం 1947లో చట్టం చేసింది. కాకినాడ సభ జరిగిన నాటికి అటువంటి చట్టం లేదు. దుర్గాబాయికి పదవీ లేదు, ధనమూ లేదు. ఎవరూ పిలవని వారిని పిలవాలన్న తలంపు, అందుకు ఇంటింటికీ నడిచే ఓర్పు మాత్రమే ఉన్నాయి. ఆమె జీవితకాల సేవకు అవే పునాదులయ్యాయి.