క్షిపణి కవచం రక్షించదని హెచ్చరించిన బాంబు రూపశిల్పి సఖరోవ్

సోవియట్ హైడ్రోజన్ బాంబు రూపకర్తల్లో అగ్రగణ్యుడు ఆంద్రేయ్ సఖరోవ్. ఆ ఆయుధానికి పగ్గాలు వేయాలని దశాబ్దాలపాటు పోరాడినదీ ఆయనే.

1921 మే 21న మాస్కోలో ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుని ఇంట జన్మించిన సఖరోవ్, 1948లో ఇగోర్ టామ్ నేతృత్వంలోని ఉష్ణకేంద్రక పరిశోధన బృందంలో చేరారు. ఉభయ పక్షాల సమబలమే యుద్ధాన్ని నిలువరిస్తుందన్నది నాటి ఆయన విశ్వాసం. 1953 ఆగస్టు 12న సెమీపలటిన్స్క్‌లో జరిగిన పరీక్ష విజయంతో, 32 ఏళ్లకే సైన్స్ అకాడమీ పూర్తిస్థాయి సభ్యుడయ్యారు.

1955 నవంబర్ 22న మరింత శక్తిమంతమైన బాంబును పరీక్షించినప్పుడు, విస్ఫోట తరంగానికి ఒక సైనికుడు, ఒక చిన్నారి మరణించారు. ఇలాంటి బాంబులు నగరాలపై ఎన్నడూ పేలకూడదని ఆనాటి విందులో సఖరోవ్ ఆకాంక్షించారు. ఆయుధం తయారీ వరకే శాస్త్రవేత్తల పని అని స్ఫురించేలా మార్షల్ నెదెలిన్ మోటు హాస్యంతో బదులిచ్చారు. ఆ అవమానాన్ని సఖరోవ్ మరువలేదు.

వాతావరణ పరీక్షల వల్ల వెలువడే రేడియోధార్మిక కర్బనం వేల ఏళ్లపాటు ప్రాణాలను హరిస్తుందని 1958లో ఆయన లెక్కగట్టారు. భూగర్భ పరీక్షలను మినహాయించి మిగిలినవన్నీ నిషేధించాలన్న ఆలోచనను సంబంధిత మంత్రి ముందుంచారు. 1963 మాస్కో ఒప్పందం ఆ రూపంలోనే కుదిరింది. భారత్ సైతం దానిపై సంతకం చేసింది.

క్షిపణి నిరోధక వ్యవస్థలపై పరస్పర విరామం పాటించాలని 1967లో సోవియట్ నాయకత్వానికి లేఖ రాశారు. కవచం నిర్మించడం కన్నా అదనపు క్షిపణులతో, నకిలీ లక్ష్యాలతో దాన్ని ఛేదించడమే చౌక అన్నది ఆయన వాదన. కవచం పోటీని పెంచుతుందే తప్ప భద్రతనివ్వదని విశ్లేషించారు. ఆ లేఖకు ఫలితం దక్కలేదు. 1968లో ఆయన వ్యాసం విదేశాల్లో వెలువడగానే రహస్య పరిశోధనల నుంచి తొలగించారు. అయితే 1972లో అమెరికా, సోవియట్ యూనియన్‌లు అలాంటి వ్యవస్థలను పరిమితం చేస్తూ ఒప్పందం చేసుకున్నాయి.

1975లో నోబెల్ శాంతి బహుమతి లభించినా, దేశం దాటేందుకు అనుమతి దక్కలేదు. భార్య యెలెనా బానర్ ఓస్లోలో స్వీకరించారు. అఫ్గానిస్థాన్‌లో సైనిక జోక్యాన్ని నిరసించినందుకు 1980 జనవరిలో గోర్కీ నగరానికి ప్రవాసం పంపారు. 1986 డిసెంబరులో విముక్తి లభించింది.

కొద్ది వారాలకే మాస్కో సదస్సులో, అమెరికా అంతరిక్ష రక్షణ పథకంతో ముడిపెట్టకుండా ఆయుధాల కోతకు సిద్ధపడాలని సూచించారు. ఆ నెలాఖరునే గోర్బచేవ్ మధ్యశ్రేణి క్షిపణుల అంశాన్ని వేరుచేశారు. డిసెంబరులో ఒప్పందం కుదిరింది.

1989 డిసెంబరు 14న సఖరోవ్ కన్నుమూశారు. 1972 ఒప్పందం నుంచి అమెరికా 2002లో వైదొలగింది. మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం 2019లో ముగిసింది. ఆయన లేవనెత్తిన ప్రశ్న మాత్రం సజీవంగానే ఉంది.